సప్పుడు చెయ్యని భట్టీ

బాపూ,

నేను ఠాణే ఎగ్జిబిషన్‌కు పోతున్న. వచ్చేసరికి రాత్రి ఎనిమిది అయితది. పప్పు కుక్కర్ల ఉన్నది, రొట్టెలు డబ్బాల ఉన్నయి.

గాజు భట్టీ మూత తియ్యకు. లోపల ఆరు పెండెంట్లున్నయి, రేపు గిరాకీకి ఇయ్యాలె. గాజు కరిగి అతుక్కున్నది, ఇప్పుడు మెల్లగ చల్లారుతున్నది. చల్లారేటప్పుడు భట్టీ సప్పుడు చెయ్యదు. నువ్వు బట్ట నేసే సాంచెల లెక్క గడగడ కొట్టుకోకపోతే ఏ మిషనైనా బంద్ పడ్డదనుకుంటవు నువ్వు. పోయిన శుక్రవారం గట్లనే అనుకొని మూత ఎత్తినవు. చల్లగాలి తగిలి పెండెంట్ టక్కున రెండు ముక్కలైంది.

ముంగట ఎర్రగ కనబడే వేడి అంకె చూడు. అది తగ్గుతున్నదంటే అంతా మంచిగనే ఉన్నట్టు. స్విచ్ ముట్టకు. ఇయ్యాల కార్ఖానాకు ఛుట్టీ, నీకు పొద్దు పోదని నాకు తెలుసు. తిరగాలంటే వరాలా తలావ్ చెరువు చుట్టూ తిరుగు, భట్టీ చుట్టూ కాదు.

సాయంత్రం అంకె నలభై కిందికి వస్తే మూత నువ్వే తియ్యి. నా కోసం ఆగకు.

కోమల్

ఇంకోటి. పోయినసారి నీ మీద గట్టిగ ఒర్లిన. పగిలినదాన్ని పారేసిన అని చెప్పింది అబద్ధం. అంచులు నూరి, రెండు ముక్కలకు కొక్కేలు పెట్టిన. పొద్దున చాయ్ తాగుకుంట, "కమ్మలు మంచిగున్నయి బిడ్డా, ఎక్కడ కొన్నవ్?" అని అడిగినవు గదా. అవే.