మేడమ్ తీసుకోని పైసలు

బుధవారం, బుగ్గారం

ఇయ్యాల నా కడుపు నిండింది. బోరు నీళ్ల కోసం ఏండ్ల సంది కొట్లాడుతున్న నా ఇద్దరు కొడుకులు జగిత్యాల కోర్టుల రాజీ పడ్డరు. రాజీ కుదుర్చుమని కోర్టు పెట్టిన మేడమ్ ఒకామె ఇద్దరిని కూసుండబెట్టి, దినం తప్పి దినం వంతుకు ఒప్పిచ్చింది. మొదటి వంతు పెద్దోనిది.

ఊర్ల పంచాయితి తెగినంక పెద్దమనుషుల ఖర్చు ఇచ్చుడు రివాజు గదా. రుమాలుల కట్టుకపోయిన పైసలు ఆమె ముందట పెట్టిన. నవ్వింది.

"వద్దు తాతా. మాకు మీరిచ్చేది ఏం లేదు. మీ చిన్నకొడుకు కేసు ఏసినప్పుడు కట్టిన కోర్టు ఫీజు గూడ వాపసు అస్తది."

కట్టిన ఫీజు వాపసు అచ్చుడేంది! బస్సుల కొడుకులను అడిగిన. "మరి వకీళ్లకు ఇచ్చింది?"

"అది రాదు బాపూ," అన్నడు పెద్దోడు.

"అన్నకెంత పోయిందో నాకూ గంతే పోయింది," అన్నడు చిన్నోడు. ఇద్దరు నవ్విండ్రు. ఇద్దరు కలిసి నవ్వంగ చూడక ఎన్నొద్దులాయెనో.

బస్సు దిగినంక పెద్దోడు అన్నడు: "తమ్మీ, నీ మడి ఎండుతున్నది. రేపటి నా వంతు నువ్వే పెట్టుకో."

గీ మాట మేడమ్ రాసిన కాయితంల లేదు. రేపు మోటరు ఎవరు ఏస్తరో... పొద్దుగాల్నే బోరు కాడికి పోయి చూడాలె.