ఉమామహేశ్వరి ఆవకాయకు ఇటలీ రూల్సు

ప్లెయిన్స్‌బరో, మే నెల

ఉమామహేశ్వరి గారికి తెలుగు సంఘం ఊరగాయ కమిటీ చైర్మన్ కేశవరావు నమస్కారాలు.

మొన్న ఇటలీ టూర్‌లో లోవజ్జోలో అనే చిన్న ఊరు చూశాం. అక్కడి తియ్యటి వైన్‌కి ఊరి పేరు ఊరికే పెట్టరు. ద్రాక్ష ఆ హద్దులోనే పండాలి, తీగ మీదే వడలాలి. వైన్ రెండేళ్లు మాగాలి, అందులో ఆర్నెల్లు చిన్న చెక్క పీపాలో. మన పిక్నిక్‌లో ‘ప్లెయిన్స్‌బరో ఆవకాయ’ అని ఏటా మీ జాడీయే పెడుతున్నాం. ఇకమీదట ఆ పేరుకీ ఇవే రూల్సు. పాస్ కానివి చెట్టు కింద ‘ఇతరములు’ టేబుల్ మీదికి పోతాయి.

మీ శ్రేయోభిలాషి, కేశవరావు

తా.క. వాట్సాప్ జవాబు చెల్లదు. ఇటలీలో అన్నీ కాగితం మీదేనట.

*

కేశవరావు అన్నయ్యగారికి ఉమామహేశ్వరి నమస్కరించి రాయునది.

మా అమ్మాయి హాసినికి కాబోయే అత్తగారు ఆ పిక్నిక్‌కే వస్తున్నారు. మెయిన్ టేబుల్ మీద ఉండేది మా ఆవకాయే అని గొప్పగా చెప్పేశాను. ఇప్పుడు ‘ఇతరములు’ అంటే నా పరువేం కాను? అందుకే రూల్సన్నీ పాటిస్తున్నాను. షాపులో కొన్న మామిడికాయల్ని బాల్కనీలో కరివేపాకు మొక్కకి దారంతో కట్టి వడలబెట్టాను. మొక్క విరిగింది. మావారు దివాకర్ నాతో మాట్లాడటం మానేశారు. పూలమొక్కలు పెట్టే చెక్క పీపా ఒకటి తెచ్చాను. దాని అడుగున కన్నాలుంటాయని ఎవరూ చెప్పలేదు. ఆవకాయ నూనంతా కార్పెట్ తాగేసింది.

మీ చెల్లెలు, ఉమ

తా.క. పక్కింటి కుక్క మా గుమ్మం వదలట్లేదు.

*

ఉమామహేశ్వరి గారికి,

మీ శ్రద్ధకి కమిటీ ముచ్చటపడింది. కాయలు మెక్సికోవే అయినా, మనమూ వీసా మీద వచ్చినవాళ్లమే కనుక సర్దుకున్నాం. చిక్కల్లా మ్యాప్‌తో వచ్చింది. ఊరి సరిహద్దు మీ అపార్ట్‌మెంట్ మధ్యలోంచి పోతోంది. హాలు మన ఊళ్లో, కిచెన్ పక్క ఊళ్లో. కిచెన్‌లో కలిపింది చెల్లదు.

చింతిస్తూ, కేశవరావు

తా.క. రెండేళ్లు మాగిన ఆవకాయ ఊరంతటికీ ఒక్కటే దొరికింది. నేను కలిపిందే. నిష్పక్షపాతంగా నేనే ఓటేశాను.

*

అన్నయ్యగారికి,

సోఫా బాల్కనీలోకి గెంటి, హాల్లో కూర్చుని మళ్లీ కలిపాను. ఆఫీస్ కాల్‌లో దివాకర్ వెనకాల మోచేతుల దాకా కారంతో నేను కనబడ్డానట. ఆయన మేనేజర్ పోలీసుల్ని పిలవమంటారా అని అడిగిందట. రెండేళ్లు మాగబెట్టడం మాత్రం నా వల్ల కాదు. మా ఆవకాయ రెండు నెలలు కూడా మిగలదు. మీది ఎలా మిగిలిందో నేనడగను. ‘ఇతరములు’ మీదే పెట్టండి. హాసిని అత్తగారికి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

ఉమ

తా.క. ఏడుపొస్తోంది. ఇంట్లోవాళ్లు ఆవఘాటు అనుకుంటున్నారు.

*

చెల్లెమ్మ ఉమకి,

పిక్నిక్‌లో నా సీసాకి బంగారు రిబ్బన్ కట్టారు, ఫోటోలు తీశారు. మూత మాత్రం ఎవరూ తియ్యలేదు. మీరు మొహం చెల్లక అటు రాలేదు గానీ, లైనంతా చెట్టు కిందే. నా ముందు మీ కాబోయే వియ్యపురాలు, రెండోసారి. జాడీలో అన్నం వేసి తుడిచేసింది ఆవిడే. ఈ ఆవకాయకి పేరెందుకండీ అని నన్నే అడిగింది. నేను తెల్లన్నంతో నిలబడిపోయాను. సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఒక చిన్న సీసా పంపమ్మా. ఏ గదిలో కలిపినా సరే. కమిటీ రద్దయింది. నా సీసా మూడో ఏడు మాగడానికి ఇంటికొచ్చింది.

నీ అన్నయ్య, కేశవరావు

తా.క. సీసా కుదరకపోతే, ఆ కార్పెట్ ఇంకా పారెయ్యలేదు కదా?