పీల్చి చూపించిన గొట్టం

నవంబర్ 11
జలుబు. అశోక్ నగర్ కోచింగ్‌లో నా క్లాసు నిండా తుమ్ములే. ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ బాపు గదిలోకి రానివ్వదు.

నవంబర్ 12
బాపుకు డాక్టరిచ్చిన దమ్ము మందు పంపు వాడటం ఇంకా రాదు. చిక్కడపల్లిలో ముప్పై ఏళ్లు పిండిగిర్ని నడిపిన మనిషి... ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోనే. గొట్టం నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చడానికి బదులు బయటికి ఊదుతాడు. "అట్ల కాదు బాపు, ఇట్ల" అని లాక్కుని, నా నోట్లో పెట్టుకుని పీల్చి చూపించాను. చున్నీతో తుడిచి ఇచ్చాను. "ఓ, గింతేనా!" నవ్వాడు.

నవంబర్ 14
బాపుకు ముక్కు కారుతోంది. మామూలు జలుబే. మామూలుదే.

నవంబర్ 15
మామూలుది కాదు. పొద్దున నాలుగు మెట్లెక్కి కూలబడ్డాడు. మాట రాదు, పెదాలు నీలం. ఆటోలో నారాయణగూడ ఆసుపత్రికి. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

నవంబర్ 16
ఆక్సిజన్ పెట్టారు. డాక్టర్ అన్నాడు — "మీకైతే మూడు రోజుల జలుబు. అదే వైరస్ ఈయనకు సోకితే లోపల వాపు పెరిగి దమ్ము లేస్తది. ఇంట్ల ఎవరికన్నా జలుబుండెనా?"
అమ్మ వెంటనే — "మా పనామె నర్సమ్మ. మొన్న ఒకటే దగ్గు."
నర్సమ్మ దగ్గింది అమ్మ పెట్టిన ఎండుమిరపకాయల పోపుకు. నాకు తెలుసు. నోరు తెరవలేదు. ఛీ.

నవంబర్ 18
నర్సమ్మను అమ్మ పని మాన్పించింది. పోతూ పోతూ నర్సమ్మ మెట్ల కింద నన్ను ఆపింది. "నాకు సర్దీ జలుబేం లేదక్కా. నేనేం జేసిన?" మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఆరేళ్లు మా గిన్నెలు తోమింది. "అమ్మతో మాట్లాడతా" అన్నాను.
మాట్లాడలేదు. అమ్మ గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి తుడిచాను, అంతే.

నవంబర్ 21
బాపు ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు.
"నర్సమ్మేది?"
"దాని పేరెత్తకు. నీ పానం మీదికి తెచ్చింది" — అమ్మ.
బాపు నా వైపు చూశాడు. నేను దుప్పటి సర్దాను.

నవంబర్ 22
మళ్లీ గొట్టంలోకి ఊదాడు. మర్చిపోయాడో, కావాలనో...
"జర నువ్వు పీల్చి చూపెట్టు బిడ్డా, మొన్నటి లెక్క."
మందులు సర్దుతున్న అమ్మ తలెత్తింది. "మొన్నేంది?"
గొట్టం నా చేతిలో ఉంది.