తుడిచినా తిరిగొచ్చిన వాక్యం

మంగళవారం

మామయ్యకి, మేనకోడలి నమస్కారాలు.

ఈ ఉదయం తొమ్మిదిన్నరకి, ప్రోగ్రాంలు రాసుకునే మా 'పలక' విడుదల ఆపేశారు. ముందుగా వాడి చూస్తున్నవాళ్ళలో ఒకరి ప్రోగ్రాం రోజూ మాయమవుతోందని తేలింది. రాస్తారు, నడుపుతారు, భద్రం చేస్తారు. భద్రమైంది మాత్రం ఖాళీ పేజీ. రాసినదాన్ని మింగేసే ఎడిటర్ని జనం మీదకి వదలనని మా ఆఫీసు పెద్దాయన తేల్చేశాడు. ఈ నెలాఖరులోగా కారణం దొరక్కపోతే పలకని మూసేసి మా నలుగురినీ తలో మూలకీ పంపేస్తారు. రెండేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

నీకు నేర్పిందే మళ్ళీ చెప్తున్నా. పైన తెల్లకాగితంలా ఉన్నచోట పైథాన్ ప్రోగ్రాం రాస్తావు. కింద మూడు బాణాల గుర్తు పక్కన ఒక్కో వాక్యం రాసి అప్పటికప్పుడు జవాబు తెచ్చుకుంటావు. కింద రాసింది మూయగానే పోతుంది, దాని స్వభావమే అంత. పైన రాసింది పోకూడదు. అది పోతోంది.

ఎవరిదో మాకు తెలియదు. పేర్లు రావు, ఏం రాశారో రాదు, ఎంత రాశారో మాత్రం వస్తుంది. అందుకని అందరినీ అడుగుతున్నాం. నీ దగ్గర ఏమైనా పోతోందా? ఫోన్ చేస్తే "ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నా.

అత్తయ్య కన్ను ఎలా ఉంది? ఆపరేషన్‌కి వచ్చిన నాన్న సాయంగా అక్కడే ఉండిపోవడం నాకెంత ధైర్యమో.

నీ మేనకోడలు

తా.క. నాన్న ఎప్పుడొస్తాడని అమ్మని అడిగాను. తొందరేం లేదంది. నేను మళ్ళీ అడక్కపోయినా మళ్ళీ అంది.


శుక్రవారం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ ఏదీ పోలేదు. రోజూ పని ముగిసేసరికి నీ పలక అద్దంలా ఉంటుంది. పోగొట్టుకుంటున్న ఆ మనిషెవరో, పాపం.

నేను ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చి బతికినవాణ్ణి. తప్పు దొర్లిందని తెలిసేసరికి కాగితం మీద సిరా ఆరిపోయేది. మొన్న నీ పలకలో ఒక కొటేషన్ గుర్తు మూయడం మరిచాను. వేలు ఎత్తకముందే ఆ వరుస రంగు మారిపోయింది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. మీ అత్తయ్య "ఎవరొచ్చారండీ?" అంది.

ఖాళీ సంగతి కూడా చెప్పాలి. ప్రెస్సులో ఖాళీ ఊరికే రాదు. రెండు పదాల మధ్య ఖాళీకి కూడా ఒక సీసం ముక్క పెట్టాలి. చదివేవాడి కంటికి ఆనదు గనక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నీ పైథాన్ పట్టించుకుంది. వరుస మొదట్లో నాలుగు ఖాళీలు వదిలితే, ఇది పై వరుస కింద పని అని గ్రహిస్తోంది. ఒకటి తగ్గిస్తే మొరాయిస్తోంది. ఖాళీని చదివే యంత్రం ఒకటి వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

అత్తయ్య చిన్న అక్షరాలు చదవలేకపోతోంది కదా. రోజూ ఒక చిన్న ప్రోగ్రాం రాసి, తెరనిండా గుమ్మడికాయంత అక్షరాలతో ఒక్క వాక్యం చూపిస్తున్నాను. ఇంటి విషయాలే.

మీ నాన్న సాయానికి లోటేం లేదు. రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసిన గొంతు. స్నానానికి నీళ్ళు కాగితే మాతోపాటు పక్కింటికీ తెలుస్తుంది. చెవులూ ఆ గొంతుకి తగినంత పదునే.

నీ మామయ్య

తా.క. ఏం రాశారో మీకు రాదన్నావు. ఖాయమేనా? ఊరికే అడుగుతున్నా. అత్తయ్య కూడా ఊరికే అడగమంది.


మంగళవారం

మామయ్యకి, నమస్కారాలు.

ఖాయమే. ఏం భయం లేదు.

అందరూ నీలాగే రాశారు, ఏదీ పోలేదని. అంటే పోతున్నట్టు ఆ మనిషికే తెలియదు. మా పెద్దాయన ముఖం మాడిపోయింది. "దొంగతనం జరిగినట్టు ఇంటివాడికే తెలియకపోతే మనం ఇంకా పెద్ద దొంగలం" అన్నాడు.

అందుకని పలకని మార్చాం. ఇక ఎవరిది మాయమైనా, తెరవగానే ఆ ప్రోగ్రాం, అది చివరిసారి తెరమీద చూపించిందీ రెండూ వాటంతటవే తిరిగొస్తాయి. కొత్త పలక నీ కంప్యూటర్లోకి రేపు వచ్చేస్తుంది.

ఒక సాయం చెయ్యి. ఎల్లుండి పొద్దున తెరిచేటప్పుడు సాక్షిగా నాన్నని పక్కన కూర్చోబెట్టుకో. రెండో మనిషి చూశాడంటే మా పెద్దాయన నమ్ముతాడు. నాన్న ఎప్పుడూ ఉన్నదున్నట్టు చెప్తాడు.

నీ మేనకోడలు

తా.క. గుమ్మడికాయంత అక్షరాలైతే నాన్నకి కళ్ళజోడు కూడా అక్కర్లేదు.


శుక్రవారం

మేనకోడలికి, మామయ్య రాస్తున్నది.

నిన్న ఉదయం ఎనిమిదింటికి నీ పలక నా పరువు తీసింది.

నువ్వు చెప్పినట్టే బావని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఖాళీ పేజీయేగా, చూస్తే చూడనీ అనుకున్నాను. తెరిచాను. ముందురోజు నేను తుడిచేసిన వాక్యం తెరనిండా లేచి కూర్చుంది.

ఇదేం పద్ధతి తల్లీ? ప్రెస్సులో అచ్చు పడగానే కూర్చిన పేజీని విప్పాలి. అక్షరాలు కడిగి, అక్షరాల పెట్టెలో దేని గదిలో దాన్ని వెయ్యాలి. లేకపోతే మర్నాటి పనికి అక్షరాలు ఉండవు. మళ్ళీ అచ్చు వెయ్యాల్సిన పేజీ అయితేనే దారంతో కట్టి పక్కన ఉంచుతాం. విప్పకుండా ఇంటికెళ్ళినవాణ్ణి మా ప్రెస్సులో పనివాడనరు. నేను ఇక్కడా అంతే. పని కాగానే ప్రోగ్రాం అంతా తుడిచి, శుభ్రమైన పేజీని భద్రం చేసి లేస్తాను. అలా కడిగిపెట్టినదాన్ని నువ్వు మళ్ళీ సిరాతో సహా తెచ్చి నట్టింట్లో పెట్టావు.

వాక్యం ఏమిటో అడక్కు. మీ నాన్న చదివాడు. ఒకసారి తెరకేసి, ఒకసారి నాకేసి చూశాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఈ ఇంట్లో ఏ ప్రకటనా వెలువడలేదు.

నీ మామయ్య

తా.క. పక్కింటివాళ్ళు వచ్చి, అందరూ క్షేమమేనా అని అడిగి వెళ్ళారు.


మంగళవారం

మామయ్యా!

ఆ మనిషివి నువ్వే. పాపం అన్నావే, ఆ పాపం నువ్వే!

పలక ఏమీ మింగలేదు. నువ్వు తుడుస్తున్నావు, అది బుద్ధిగా ఖాళీ పేజీని భద్రం చేస్తోంది. నీ ఉత్తరం పట్టుకెళ్ళి మా పెద్దాయన ముందు చదివాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "ప్రతి అక్షరాన్నీ చేత్తో తిరిగి దాని గదిలో వేసేవారా? రోజూనా?" అని అడిగాడు. అవునన్నాను. తన కీబోర్డు మీద తుడిచే మీటని వేలితో చూపించాడు. "మనం తుడవడానికి ఒక్క మీట పెట్టి చేతులు దులుపుకున్నాం" అన్నాడు.

వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం పదింటికి విడుదలకి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. పలక మూసేటప్పుడు ఇక రెండు బొత్తాలు కనిపిస్తాయి: 'విప్పెయ్', 'కట్టి ఉంచు'. విప్పితే తిరిగి రాదు. కడితే ఎవరు తెరిచినా ఉంటుంది. పేర్లు నీ ఉత్తరంలోవే. నీకు శనివారం అందుతుంది.

అయినా మామయ్యా, ఆ వాక్యం ఏమిటి? నాన్న ఫోన్ చేసి, "ఇంట్లో నా గొంతు మరీ ఎక్కువా?" అని అమ్మని అడిగాడు. అమ్మ ఫోన్ నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నీ మేనకోడలు

తా.క. వంటింట్లో అమ్మ నవ్వు ఇక్కడిదాకా వినిపించింది. నాన్నకి వినపడకుండా నేను దగ్గాను.


బుధవారం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

వాక్యం ఇది: "బావ ఎప్పుడు వెళ్తాడో నువ్వే మెల్లగా అడుగు."

అచ్చు విప్పే ఆచారం నిజం. కానీ అంత శ్రద్ధగా విప్పింది ఆచారం కోసమే కాదు. సాయానికొచ్చిన మనిషిని పొమ్మనలేం. గుసగుసలాడినా ఆయన చెవిన పడుతుంది. ఫోన్ వద్దన్నదీ అందుకే. అందుకే నేను తెరమీద చూపించేవాణ్ణి, అత్తయ్య తల ఊపేది. ఆయన నీకు తండ్రి, ఈ మాట నీకెలా రాయను?

ఇక అసలు వార్త. ఆదివారం ఉదయం పలక తెరిస్తే నాది కాని ప్రోగ్రాం ఒకటి కనపడింది. నడిపాను. గుమ్మడికాయంత అక్షరాలు:

"దయచేసి వినండి. ఈ నెలలో బయల్దేరవలసిన బావగారు ఒక నెల ఆలస్యంగా నడుస్తున్నారు. కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఒకసారి కాదు. వచ్చినదే మళ్ళీ వస్తోంది. ప్రోగ్రాంలోకి తొంగి చూశాను. తిరిగి తిరిగి చెప్పించే వరుస, దాని కింద నాలుగు ఖాళీలు, లెక్క తప్పకుండా. పైగా 'కట్టి ఉంచు' నొక్కాడు మహానుభావుడు. అత్తయ్యని నవ్వొద్దని, కంటికి మంచిది కాదని బతిమాలాల్సి వచ్చింది.

"ఎప్పుడు నేర్చుకున్నావు బావా?" అన్నాను.

"మొదటిరోజు నుంచీ నువ్వు రాస్తుంటే హాల్లో నీ వెనకాలేగా నిలబడ్డాను. హాల్లోంచి ఆ అక్షరాలు కనపడవనుకున్నావా?"

"మరి అన్నీ చదివావా?"

"అన్నీ. చెల్లాయి కన్ను పూర్తిగా తేరుకునేదాకా కదలనని మీ అక్కయ్యకి మాటిచ్చాను. నీ వాక్యం చూసి ఆ మాట తప్పలేను."

"ఆరోజు కోపం వచ్చి నోరు మూసుకున్నావనుకున్నాను."

"కోపమా? నువ్వు తుడవడం నా కళ్ళతో చూశాను. తుడిచిన వాక్యం లేచొచ్చింది. జీవితమంతా మైకులో మాట్లాడాను, ఒక్క మాట తిరిగొచ్చింది లేదు. నోరెలా పెగులుతుందోయ్?"

ఇద్దరం తెరకేసి చూస్తూ నిలబడ్డాం. ప్రకటన వస్తూనే ఉంది.

అత్తయ్యకి కంటి పరీక్ష గురువారం పదింటికి. బావే తీసుకెళ్తాడు.

నీ మామయ్య

తా.క. ఆలస్యం సంగతి అమ్మకి చెప్పు. ఆవిడ ఏమందో రాయనక్కర్లేదు. సోమవారం పదింటికి పలక విడుదలన్నావు. పదకొండింటికి బావా నేనూ దాని ముందు కూర్చుంటాం. మొదటి పాఠం: మొదలెట్టిన ప్రకటనని ఆపడం.