బీదరు మదర్సాకు టిక్కెట్టు

అరకు, ఫిబ్రవరి 9, రాత్రి

టిక్కెట్టు దొరికింది! ఇన్నేళ్లూ కళాశాలలో పాఠంగా మాత్రమే చెప్పిన బీదరు మదర్సాను వచ్చే వారం నా కళ్లతో చూడబోతున్నాను.

తమ్ముడు ఫోనులోనే గొడవకు దిగాడు. "ఈ వయసులో ఒక్కర్తివీ ఎలాగెల్తావప్పా? మా గుంటడ్ని తోడు పంపుతానుండు."

"వాడు ఫోను చూస్తూ కూర్చుంటే నేనే వాడికి తోడుండాలి. అక్కర్లేదు," అన్నాను.

సాయంత్రం కాఫీ పళ్లు ఆరబెట్టిన పట్టా మడతపెడుతూ పక్కింటి చిలకమ్మ, "అంత దూరంలో ఏటుందమ్మా?" అంది. బహమనీల కాలంలో ఒక మంత్రి కట్టించాడనీ, మసీదు, గ్రంథాలయం, విద్యార్థుల గదులు అన్నీ ఒక్కచోటే ఉండేవనీ చెప్పాను.

"తిండీ, పడకా, సదువూ అక్కడేనా? మన ఆశ్రమం బడే కదేటి! అక్కడా వార్డెనమ్మ పప్పు నీళ్లగానే పోసేదా?"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

తరువాతి కాలంలో ఆ మదర్సాలో దాచిన మందుగుండు పేలి సగం కట్టడం కూలిపోయింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. అక్కడి మెట్లకు నా మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదోనన్న బెంగ లేకపోలేదు. ఒప్పుకోకపోతే ఆ మీనారు నీడలో కూర్చుంటాను. తోడెవరున్నారని తమ్ముడు ఫోను చేస్తే, మీనారు ఉందని చెబుతాను.