రెండో బొత్తాం

హకోదతె,
జూన్ పన్నెండు.

తమ్ముడు రియోజీకి,

ఆ రోజు నిన్ను వరస చివరికి జరిపింది నీ కోసమా, నా కోసమా? ఇరవై నాలుగేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న మాట ఇది. క్షేమ సమాచారాలతో మొదలుపెట్టి మెల్లగా ఇక్కడికి వద్దామనుకుని రెండు ఉత్తరాలు చించేశాను. మేం బాగానే ఉన్నాం. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన ఉమె పళ్ళ ఊరగాయ అందింది. మీ ఆవిడ హోనామి ఈసారి ఉప్పు తగ్గించినట్టుంది.

మన సినిమాను మళ్ళీ అమగసాకిలో, ఆ పాత హాల్లో వేస్తున్నారని రాశావు. పాట పాడుతూ తన్నుకునే కుర్రాళ్ళు, ఆ తన్నుల మధ్యే ప్రేమించుకునే పిల్లలు. ఇప్పుడు చూస్తే నీ కూతురికి నవ్వొస్తుందేమో. "నేను లెక్క తప్పి దెబ్బ తిన్న చోటు దానికి చూపిస్తా, నువ్వూ రా అక్కా" అన్నావు. ఆ వాక్యం దాటి చదవలేకపోయాను.

నువ్వు లెక్క తప్పలేదు.

అప్పుడు నీకు పదిహేడు, కొట్లాట గుంపులో ఒకడివి. నేను యూనివర్సిటీలో చదువుకుంటూ, షాటుకూ షాటుకూ బట్టలూ జుట్టూ మారకుండా చూసి రాసుకునే ఆవిడ దగ్గర సహాయకురాలిని. భోజనాలయ్యాక నీ వేషానికిచ్చిన నల్ల బడికోటు చూసి గతుక్కుమన్నాను.

"ఒరేయ్, రెండో బొత్తాం ఏదిరా?"

"ఇచ్చేశా. ఇంకెవరికి, హోనామికి."

"గుండె దగ్గరి ఆ బొత్తాం మనసిచ్చిన పిల్లకి బడి ఆఖరి రోజున కదరా ఇచ్చేది. అయినా ఆ కోటు నీదా? సినిమావాళ్ళది."

"మనసు నాదేగా అక్కా."

నవ్వాను. పొద్దుటి షాటులో బొత్తాం ఉంది. చెబితే నిన్ను ఇంటికి పంపేసేవారు. ముందే గమనించనందుకు నాకూ తిట్లు పడేవి. "ఆ చివరికి పోయి కెమెరాకి వీపు పెట్టి నిలబడు" అన్నాను.

"అక్కడ నా జోడీ వేరేవాడక్కా. వాడితో రిహార్సల్ చెయ్యలేదు."

"ఎనిమిది లెక్కే కదరా. ఎక్కడైనా ఒకటే."

ఒకటి కాదు. నీ పాత జోడీ నాలుగుకి కొడతాడు, ఆ చివరివాడు మూడుకే. బొత్తాల డబ్బా, సూదీదారం పెట్టుకుని బట్టల ఆవిడ నాకు పది అడుగుల్లోనే కూర్చుంది. ఆమెను అడగాలని తోచలేదనుకుంటాను. తోచిందేమో కూడా.

పాట ఆగాక ఫైట్ మాస్టర్ "లెక్క తప్పిందెవడ్రా?" అన్నాడు. ఎడమ చెవి పట్టుకుని, నడుము వంచి, "నేనేనండీ, క్షమించండి" అన్నావు. నేను తల దించుకుని పుస్తకంలో "ఓకే" అని రాశాను. సినిమాలో ఉన్నది ఆ షాటే.

వస్తాను. నీ కుడిపక్క కూర్చుంటాను, వినిపించేది అటే కనుక. నీ కూతురితో "నేను తప్పాను" అనకు. "అత్త జరిపింది" అను. ఎందుకు జరిపిందని అది అడిగితే నన్నే అడగమను. నిన్ను కాపాడాలనా, నన్ను కాపాడుకోవాలనా, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఇట్లు,
నిన్ను ఆ చివరికి జరిపిన అక్క,
సయురి