ఖాళీ కాగితం మీద సంతకం

ఫిబ్రవరి 9, ఆదివారం

న్యాయ విజ్ఞాన సదస్సు. పొదిలి రోడ్డులో ఒక మిర్చి కల్లంలో పెట్టాం, ఆడకూలీలు అక్కడే దొరుకుతారని. బార్ అసోసియేషన్ నుంచి ఎనిమిది మందిమి వెళ్లాం. ఏడుగురు బ్యానర్ దగ్గర ఫొటో దిగి వెళ్లిపోయారు. కూలీలు రంగు పోయిన తాలుకాయలు ఏరుతూనే నా మాటలు విన్నారు. ఘాటుకి గొంతు పట్టేసినా అరగంట దంచేశాను. కోర్టు మీది, భయపడొద్దు, నేరుగా నా దగ్గరికి రండి అని. నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నాను. ఒక్కరు వస్తే ఒట్టు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఒకామె వచ్చింది! వెంకటరావమ్మ. యాభై దాటి ఉంటాయి. కల్లంలో ముందు వరసలో కూర్చున్నావిడే.

మొగుడు పోయాక మరిది వీరబాబు మీద భాగం కోసం కేసు వేసిందట, ఏడేళ్ల కిందట. ఎకరం ఇరవై సెంట్లు, మిర్చి పండే నల్లరేగడి. కిందటి ఏప్రిల్లో లాయరు గారు కోర్టుకు పిలిపించి, జడ్జి గారు ఏమడిగినా అవునండి అను అన్నాడట. అంది పాపం. జూన్‌లో చేలో వీరబాబు ట్రాక్టరు దిగింది. ఇదేందిరా అంటే, రాజీ అయిపోయింది గదా వదినా, చేను నాకొదిలేస్తున్నానని సంతకం పెట్టావు గదా అన్నాడట. అప్పట్నుంచి పరాయి కల్లంలో కాయలు ఏరుకుంటోంది.

సంతకం నాదేనమ్మా, కాకపోతే నేను పెట్టింది తెల్ల కాయితం మీద, రాతలన్నీ తర్వాత వచ్చినయ్ అంటోంది.

ఒళ్లు మండిపోయింది. ఎవరా లాయరు అన్నాను. పేరయ్య గారు అంది.

పేరయ్య గారు నా సీనియర్. ఆరేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం. మధ్యాహ్నం రెండున్నర

ఈ కేసు తీసుకోమని బార్ హాల్లో అందరినీ అడిగాను. ఎవరూ ముట్టుకోరు. సెక్రటరీ కోటేష్ మినిట్స్ బుక్ తెచ్చి చూపించాడు. సాటి లాయరు మీద ఎవరూ వకాల్తా వేయరాదని రెండేళ్ల కిందట తీర్మానం. కింద నా సంతకం కూడా ఉంది. ఆ రోజు పునుగులు చల్లారిపోతున్నాయని అందరం గబగబా చేతులెత్తాం.

పెద్దాయన పరువు పోతుంది మేడం, మీకెందుకీ తలనొప్పి, కావాలంటే ఆమెకు పింఛను ఇప్పిద్దాం అన్నాడు కోటేష్. పింఛనట! చేను పోయిందిరా మగడా అంటే పింఛనట! వేసవిలో చలివేంద్రం పెడతాం, రక్తదానం చేస్తాం, బడికి ఫ్యాన్లిచ్చి పేపర్లో వేయించుకుంటాం. ఒక ఆడమనిషి కాగితం పట్టుకోవడానికి మాత్రం ముప్పై నాలుగు నల్లకోట్లలో ఒక్కరికీ చెయ్యి రాదు. సిగ్గు లేని సంత.

ఫిబ్రవరి 14

వకాల్తా నేనే వేస్తాను. ఏం పీక్కుంటారో పీక్కోనీ.

ఫిబ్రవరి 20, గురువారం

కోర్టు నుంచి రాజీ కాగితం కాపీ వచ్చింది. వెంకటరావమ్మ సంతకం పక్కన పెన్సిలుతో పెట్టిన చిన్న ఇంటూ మార్కు. ఇక్కడ పెట్టండి అని చూపించడానికి వేసేది. ఒక గీత పొట్టి, ఒక గీత పొడుగు.

అది నా మార్కు.

ఏడేళ్ల కిందట ఆయన జూనియర్‌గా ఆ తెల్ల కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించింది నేనే. వచ్చిన ప్రతి మనిషి దగ్గరా రెండు మూడు తీసుకునేదాన్ని. అవసరానికి ఉంటాయమ్మా అనేవారు సార్. నేనూ అదే నేర్చుకున్నాను. ఇవాళ్టికీ నా బీరువాలో ఓ కట్ట ఉంది. ఎవరిని తిట్టుకోను ఇప్పుడు?

ఫిబ్రవరి 22, శనివారం

పేరయ్య గారింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. కోపమే రాలేదు ఆయనకు. అదే నన్ను ఎక్కువ మండించింది. ఇన్నేళ్లు తిరిగినా తేలని కేసు తేల్చేశానమ్మా, అంతే అన్నారు. ఆ కాగితం ఖాళీగా ఉందని ఎవరు చెబుతారు, నువ్వు బోనెక్కుతావా ఉదయా, ఎక్కితే రేపు నీ గుమ్మం తొక్కేదెవరు అన్నారు.

కాఫీ తాగి వచ్చాను. తాగాను మళ్లీ! ఛీ, నా బతుకు.

మార్చి 4, మంగళవారం

రాజీ కొట్టేయమని పిటిషన్ వేశాను. సంతకం తీసుకున్నదెవరో అందులో రాయలేదు. వెంకటరావమ్మకూ చెప్పలేదు. సాయంత్రానికి బార్ అసోసియేషన్ నన్ను సభ్యత్వం నుంచి సస్పెండ్ చేసింది. వీరబాబు తరఫున కోటేష్ వస్తాడట.

జూన్ 17, మంగళవారం

జడ్జి గారు సూటిగా అడిగారు. ఖాళీ కాగితమని ఆమె ఒక్కతే అంటే ఎలా, ఇంకో సాక్షి ఉన్నారా, లేకపోతే పిటిషన్ కొట్టేస్తాను అని. గడువు అడిగి బయటపడ్డాను.

లాయరుగా ఉంటూ అదే కేసులో సాక్ష్యం చెప్పకూడదు. వకాల్తా వదులుకోవాలి. వదిలితే ఈ ఊళ్లో ఇంకెవరూ తీసుకోరు. నోరు మూసుకుంటే చేను వీరబాబుకే.

జూన్ 18, ఉదయం ఏడు

వెంకటరావమ్మ ఇంటికి వెళ్లి చెప్పేశాను. ఆ సంతకం పెట్టించింది నేనే అని. తిడుతుందనుకున్నాను. అంట్లు తోముతూ, తల కూడా ఎత్తకుండా, నాకు తెలుసమ్మా అంది. కల్లంలో నువ్వు మైకు పట్టుకోగానే గుర్తుపట్టాను, లేకపోతే ఇంత మంది లాయర్లుండగా నీ దగ్గరికెందుకొస్తాను, పెట్టించిన దానివి నువ్వే గదా చెప్పాల్సింది, నాలుగు నెలల్నుంచి ఎప్పుడు చెబుతావా అని చూస్తన్నా అంది.

నా ఉపన్యాసం విని వచ్చిందనుకున్నాను ఇన్నాళ్లూ. ఎంత పొగరు నాకు!

నీ కేసు నువ్వే నడుపుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది అన్నాను. ఏమడగాలో రాసివ్వు, చదువుకుంటా అంది.

జూన్ 22

బీరువాలో ఉన్న సంతకాల కాగితాలు ఎవరివి వాళ్లకిచ్చేశాను. ఒక ముసలాయన, అట్టే పెట్టుకో తల్లీ, మళ్లీ పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జూలై 8, మంగళవారం

నేను బోనులో. లాయర్లు నిలబడే చోట వెంకటరావమ్మ. నేను రాసిచ్చిన ప్రశ్నలు వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. అన్నీ చెప్పాను. కోటేష్ లేచి క్రాస్ ఎగ్జామినేషన్ లేదని కూర్చున్నాడు. చేను వస్తుంది.

ఒక్క ప్రశ్న మాత్రం నేను రాసిచ్చింది కాదు. కాయితం మడిచేసి అడిగింది. ఆ రోజు ఇది ఖాళీ కాయితం, పెట్టొద్దని నాకెందుకు చెప్పలేదమ్మా అని. ఇది అనవసరం, జవాబు చెప్పక్కర్లేదన్నారు జడ్జి గారు.

నువ్వు అడగవని తెలుసు గనక, అన్నాను.